దయ్యాల బండ దగ్గర చేపల్లేవు

ప్రభుత్వం ప్రతి ఇంటి గోడకూ అభిప్రాయ పెట్టె బిగించి తొమ్మిదేళ్లయింది. దాంతో ప్రజాభిప్రాయ సభలూ షామియానాలూ, కలెక్టరు ముందు కేకలూ అన్నీ పోయాయి. రోజూ సాయంత్రం మసేను వల ఆరేసి ఇంట్లోకి రాగానే పెట్టె మర్యాదగా అడిగేది: "ఇవాళ చేపలు ఎక్కడ పడ్డాయి మసేను గారూ?"

మసేను ఎప్పుడూ ఒకటే చెప్పేవాడు. "దయ్యాల బండకాడ ఏటీ నేదు. ఉత్త నీళ్లే."

నిజానికి సముద్రం అడుగునున్న ఆ బండే అతని బతుకు. తండ్రి చావబోయే ముందు దాని జాడ చెవిలో చెప్పాడు. తెల్లారకముందే దీపం ఆర్పి, ఎవరి కంటా పడకుండా మసేను అక్కడ వల వేసేవాడు. చేపలు దొరికే చోటు పైకి చెప్పే జాలరి ఎవడుంటాడు? గోడ అవతల పక్కింటివాళ్ల చెవులుంటాయి.

ఈ సాయంత్రం పెట్టె అడగలేదు, చెప్పింది. "దయ్యాల బండ చుట్టూ గాలిమరలు పాతడానికి అనుమతి వచ్చింది. రేపటి నుంచి అటు వేట నిషేధం. అంతా మీ అభిప్రాయం ప్రకారమే."

"అబద్దం ఆడినాన్రా బాబూ!" మసేను గోడను గుద్దాడు. "నా సేపలన్నీ ఆడే పడతాయి!"

ఆ కేక విని పక్కింటి గురయ్య గుమ్మంలోకి వచ్చాడు.

"నువ్వూ ఆడే వల ఏస్తన్నావేటి బావా?" అన్నాడు. "నానూ నేదనే సెప్పినాను."

పెట్టె అందుకుంది. "నలభై రెండు ఇళ్లూ అదే చెప్పాయి. ఇంత ఏకగ్రీవంగా మాట్లాడిన ఊరు ఈ తీరంలో మరొకటి లేదు. ధన్యవాదాలు."