చంద్రవ్వ చూపు

హీబా నాలుగో క్యాచ్ కూడా వదిలేసింది.

బంతి ఆమె తలమీదుగా పోయి, వెనక రెండు గజాల దూరంలో పడి గడ్డిలో దొర్లింది.

"ఎన్నిసార్లు చెప్పాలె?" బ్యాటు భుజాన పెట్టుకుని కోచ్ గజేందర్ దగ్గరికి వచ్చాడు. "బంతి లేవంగనే యాడ పడ్తదో అంచనా కట్టు. ఉరికి ఆడ నిలబడు. గంతే గదా."

"కట్టిన సార్. గాడనే నిలబడ్డ. అది దాటిపోయింది."

సిద్దిపేటలో గజేందర్ పదేళ్లుగా ఆడపిల్లలకు క్రికెట్ నేర్పుతున్నాడు. మంచివాడే. కాకపోతే ఓపిక తక్కువ. జిల్లా జట్టు కోసం పదమూడు పేర్లు రాసి పెట్టాడు. ఇంకొక్కటి రాయాలి.

"ఆదివారం మ్యాచుల ఒక్క క్యాచ్ ఇడిసినా నీ పేరు రాయ. కొందరి కండ్లు ఈ ఆటకు పనికిరావు."

హీబా నీళ్ల సీసా కోసం గ్రౌండు పక్కనున్న మెట్ల వైపు నడిచింది.

మెట్ల మీద ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. యాభై దాటి ఉంటాయి. పొద్దున్నే బజారులో కూరగాయలు అమ్ముకుని, ఊరి బస్సు వచ్చేదాకా అక్కడ కూర్చుంటుంది. వారం రోజులుగా వస్తోంది. గజేందర్ ఎన్నడూ పట్టించుకోలేదు.

ఆ రోజు ఆమె గొంతు అతని చెవిన పడింది.

"పడే జాగ ముందుగాల ఎవలకెరుక బిడ్డా? జాగ సంగతి ఇడిసిపెట్టు. బంతినే చూడు."

"చూస్తనే ఉన్న గదా పెద్దమ్మా."

"నిలబడి చూస్తున్నవ్. ఉరుక్కుంట చూడు. బంతి నీ కంట్ల ఒక్క తీరుగ పైకి లేస్తున్నట్టే ఉండాలె. జోరు పెంచి లేస్తున్నట్టు కనబడితే అది నిన్ను దాటిపోతది. ఎన్కకు ఉరుకు. లేసుడు నిమ్మళమైతే ముంగట పడ్తది. ముంగటికి ఉరుకు. ఒక్క తీరుగ లేసినంత సేపు నువ్వు సక్కగ పోతున్నట్టే. అదే వచ్చి నీ చేతులల్ల పడ్తది."

గజేందర్‌కు చిర్రెత్తింది.

"ఏమ్మా, నువ్వెప్పుడన్న క్రికెట్ ఆడినవా?"

"లేదు సారూ."

"మరి పిల్లను ఎందుకు ఆగం చేస్తవ్? నేర్పెటందుకు నేనున్న గదా."

ఆమె అతని ముఖంలోకి చూసింది.

"మంచిది సారూ," అని కొంగు దులుపుకుని లేచి వెళ్లిపోయింది.

మర్నాటి నుంచి ఆమె మెట్ల దగ్గరికి రాలేదు.

ఆదివారం దుబ్బాక అమ్మాయిలతో మ్యాచ్. ఐదో ఓవర్లోనే బంతి హీబా వైపు ఎత్తుగా లేచింది.

ఆమె ముందుకు రెండడుగులు వేసింది. అయిపోయింది అనుకున్నాడు గజేందర్.

అంతలో ఆమెకు ఏం కనిపించిందో, వెంటనే వెనక్కి మళ్లింది. చూపు మాత్రం బంతి మీంచి తీయలేదు. ఎక్కడా నిలబడలేదు. ఆఖరి అడుగు వేయడమూ, బంతి చేతుల్లో పడడమూ ఒక్కసారే జరిగాయి.

ఆ రోజు ఆమె మూడు క్యాచులు పట్టింది.

"ఎట్ల పట్టినవ్?" అని అడిగాడు, ఆట అయ్యాక.

"పెద్దమ్మ చెప్పినట్టే సార్. రోజు బజారుకు పోయి అడిగి తెలుసుకున్న. మీరు తిడ్తరని చెప్పలే."

గజేందర్ పద్నాలుగో పేరు రాశాడు. కానీ మనసు కుదుటపడలేదు.

మర్నాడు పొద్దున తనే ఫీల్డింగుకు నిలబడి, హీబా చేత బంతులు కొట్టించుకున్నాడు. పది బంతులకే తెలిసిపోయింది. పడే చోటు అతనెప్పుడూ లెక్కగట్టలేదు. ఆడిన రోజుల్లో తాను పట్టిన ప్రతి క్యాచూ ఆ ఆడమనిషి చెప్పినట్టే పట్టాడు. పిల్లలకు మాత్రం ఇన్నేళ్లూ మరొకటి చెప్పాడు.

"ఆమెది ఏ ఊరు?"

"మిరుదొడ్డి సార్. పేరు చంద్రవ్వ. ఇయ్యాల బజారుకు రాలే."

అప్పటికప్పుడే బండి తీశాడు. రోజూ వచ్చి పిల్లలందరికీ చెప్పమని అడగాలి. ముందుగా, ఆ రోజు అన్న మాటకు ఏమనుకోవద్దని చెప్పాలి.

ఊళ్లో అడిగితే ఇల్లు చూపించారు. చంకలో పాపతో ఒకామె బయటికి వచ్చింది.

"చంద్రవ్వ ఇల్లు ఇదేనా అమ్మా?"

"ఇదే. అమ్మ చేనుకు పోయింది. కూసోండ్రి," అంటూ కుర్చీ వేసింది.

"సిద్దిపేట గ్రౌండు నుంచి వచ్చిన. మీ అమ్మ మా పిల్లకు మంచి ముచ్చట చెప్పింది. క్రికెట్ ఆడలేదంటది. మరి గివన్నీ ఎట్ల ఎరుకైనయ్?"

ఆమె కొంచెం నవ్వింది.

"టీవీల చూసి. ఎనిమిదేండ్ల సంది అమ్మ ఒక్క మ్యాచు ఇడిసిపెట్టలే. అందరు బంతిని చూస్తే, అమ్మ పట్టేటోళ్ల కండ్లు, కాళ్లు చూస్తది. ఈ వాకిట్ల నాతోని బంతులు ఎగరేయించుకొని, తను ఉరికి ఉరికి చూసేది. చూసి చూసి ఒకనాడు సమజైందన్నది. గిది అప్పుడే ఎరుకైతే ఎంత బాగుండు అని ఆ రోజంతా ఏడ్చింది."

"అప్పుడంటే ఎప్పుడు?"

ఆమె పాపను మరో చంకలోకి మార్చుకుంది. గొంతులో కోపం లేదు.

"నన్ను గుర్తుపట్టలేదా సార్? ప్రవీణను. క్యాచులు ఇడుస్తున్ననని పదో తరగతిల మీరు ఇంటికి పంపిన్రు గదా."