పక్క సీటు

"ఇజాజా ఫీ?" అని అడిగింది అందరూ మామా అని పిలిచే ఇంటి యజమానురాలు, వంటగది గుమ్మంలో కారు తాళాలు ఆడిస్తూ.

సూరిబాబు చేతిలో ఉల్లిపాయ అలాగే ఉండిపోయింది. ఇజాజా అంటే సెలవు, ఫీ అంటే ఉందా అని. డ్రైవరు ఖాజా హుస్సేన్ మొన్ననే రెండు నెలల ఇజాజా మీద ఊరెళ్ళాడు. ఇక తన వంతు వచ్చిందన్నమాట. సెలవు ఉందా అంటే లేకేం, పరాయి దేశంలోని ఈ అర్దియా పేట ఇంట్లో వంటకి కుదిరిన రోజు నుంచీ అలాగే ఉంది.

"ఫీ మామా. మూడేళ్ళది" అన్నాడు ఒక్క గుక్కలో, వచ్చీరాని అరబ్బీలో.

"మూడేళ్ళదా? అయితే ఖలాస్, సరిపోయింది. ఫహద్ పక్కన నువ్వే కూర్చో."

ఫహద్ ఆవిడ పెద్దకొడుకు. పద్దెనిమిది నిండి నెల తిరగలేదు. డ్రైవింగు నేర్చుకోమని కాగితం ఇచ్చారు గానీ ఒంటరిగా కారు తీయకూడదట, పక్కన మనిషి ఉండి తీరాలట. ఆ మనిషి వంటవాడే ఎందుకు కావాలో సూరిబాబుకి బోధపడలేదు. సెలవిచ్చే ముందు ఆఖరి చాకిరీ కాబోలు అనుకున్నాడు.

పనిమనిషి ఎలీసమ్మ వెనకాలే వాకిట్లోకి వచ్చింది. "అన్నియ్యా, ఆ కుర్రోడి పక్కన కూకుంటావా? మొన్న గేటు గుద్దేసేడు కదా."

"ఏం చెయ్యనే చెల్లెమ్మా. సెలవు మాట ఆవిడే ఎత్తింది. ఇప్పుడు కాదంటే మళ్ళీ ఎప్పుడెత్తుద్దో. నా కూతురికి మూడో ఏడొచ్చేసింది, దాని మొకం నేనింకా చూళ్ళేదు."

"అయితే కళ్ళు మూసుకుని కూకో. నేను ప్రార్థన చేస్తాలే."

కళ్ళు మూసుకుంటే ఇంకా భయం వేసింది. వీధి మలుపు తిరగ్గానే కారు ఒక్క ఉరుకు ఉరికింది. ఇసుక గాలికి ఎదర ఏమీ ఆనడం లేదు. సూరిబాబు రెండు చేతులతో సీటు పట్టుకున్నాడు. చచ్చిపోతానేమోనని భయం, కూతుర్ని చూడకుండా చచ్చిపోతానేమోనని అంతకు నాలుగింతలు భయం.

దానికి తోడు కుర్రాడు అడుగడుక్కీ అతని మొహంలోకి చూస్తున్నాడు.

"లైను మారనా, సూరీ?"

"మారు బాబూ."

"స్పీడు పెంచనా?"

వద్దనాలని నోటిదాకా వచ్చింది. యజమాని కొడుక్కి వద్దని చెప్పి సెలవు చెడగొట్టుకోవడం ఎందుకని, "నీ ఇష్టం" అన్నాడు. వీడు తనను అడగడమేమిటి, తనకేం తెలుసని?

నాలుగు రోడ్లు కలిసే రౌండు దగ్గర ఫహద్ కారు ఆపాడు. ఎడమ పక్క నుంచి సిమెంటు లారీ వస్తోంది. "ఇప్పుడు వెళ్ళనా?"

సూరిబాబు అప్పటికే కళ్ళు మూసేసుకున్నాడు. "యల్లా" అన్నాడు, పోనిమ్మని.

లారీ హారను చెవులు బద్దలు కొట్టింది. కారు గిర్రున తిరిగి, రౌండు గట్టెక్కి, ఇసుకలో కూరుకుని ఆగింది. కళ్ళు తెరిచేసరికి ప్రాణం ఉంది. ఎదురుగా పోలీసు కూడా ఉన్నాడు.

ఫహద్ తన కాగితం ఇచ్చాడు. పోలీసు దాన్ని చదివి, ఇటు చుట్టి వచ్చి, సూరిబాబు ఇఖామా, ఈ దేశంలో ఉండడానికిచ్చిన కార్డు, తీసుకుని చూశాడు.

"ఇజాజా?"

పోలీసుకి తన సెలవుతో పనేమిటో తెలియలేదు. నిజం చెబితే నష్టమేముంది అనుకుని, "ఫీ. మూడేళ్ళది" అన్నాడు.

"ఏదీ?"

"ఇంకా ఇవ్వలేదు. మామా ఇస్తుంది."

"మామా ఇస్తుందా?" పోలీసు నవ్వాడు. తర్వాత నవ్వడం ఆపేశాడు. "దిగు. అటు వెళ్ళి కూర్చుని కారు వెనక్కి తియ్యి."

"నేనా? నాకు రాదు. నేను వంటవాణ్ణి."

పోలీసు ఇఖామా తన జేబులో పెట్టుకుని, ఫహద్ వైపు తిరిగి చాలాసేపు గట్టిగా అరిచాడు. సూరిబాబుకి అందులో 'జైలు', 'ఊరికి పంపడం' అన్న రెండు మాటలు మాత్రం తెలిశాయి.

"ఏమంటున్నాడు బాబూ?"

ఫహద్ మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఇజాజా అంటే లైసెన్సు కూడా, సూరీ. నా పక్కన లైసెన్సు ఉన్నవాడే కూర్చోవాలి. పొద్దున మామా అడిగింది అదే. మూడేళ్ళుగా ఉందని నువ్వే చెప్పావు."

పోలీసు జీపు తలుపు తెరిచి పట్టుకుని, రమ్మని చెయ్యి ఊపాడు. సూరిబాబు కదల్లేదు. అక్కడ ఎవరికీ రాని తెలుగులో అడిగాడు.

"మరి నా సెలవు?"