మంచం అడుగు

"మంచం అడుక్కి కూడా నునుపేంటయ్యా? అక్కడ బల్లులకేమైనా పెళ్లిచూపులా?" అని అరిచింది భార్య.

కూతురి కోసం చేసిన కొత్త మంచం కింద వడ్రంగి వెల్లకిలా పడుకుని గరుకు కాగితంతో రుద్దుతున్నాడు.

"నీ నోటికో దండం! ఆ పాత మంచం చెక్క తిప్పి చూడు. పొద్దున విప్పుతుంటే కనబడింది."

తిప్పింది. చెక్క అడుగున పెన్సిల్ బొమ్మ. ఎదురెదురుగా రెండు పెద్ద నోళ్లు, ఒకదానికి మీసం. మధ్యలో చెవులు మూసుకున్న బుల్లి పిల్ల.

"నాది మరీ ఇంత నోరా?"

"వడ్రంగి కూతురు కదా, కొలిచే గీసుంటుంది."

ఆమె నవ్వబోయి ఆగిపోయింది. "అంటే... మనం పోట్లాడుకున్నప్పుడల్లా ఇది మంచం కింద దూరేదా?"

"ఆ. తల్లో చెక్క పేడు గుచ్చుకుందని మొన్న ఏడ్చింది చూడు, ఆ పేడు దీనిదే."

ఆమె చెక్క పక్కన పెట్టింది. ఓ గరుకు కాగితం ముక్క తీసుకుని తనూ మంచం కిందకి దూరింది.

"జరుగు. ఈ మూల సరిగ్గా రుద్దలేదు నువ్వు" అంది, గొంతు బాగా తగ్గించి.

ఇద్దరూ రుద్దుతుండగా కూతురు బడి నుంచి వచ్చింది. సంచి పడేసి, వంగి చూసి, గుసగుసగా అడిగింది:

"మీరెందుకు దాక్కున్నారు? ఇవాళ ఎవరు అరుస్తున్నారు?"