యాభై అయిదు మాత్రలు

“ఇదేంటి నాన్నా, డబ్బాలో ఒక్క మాత్రా లేదు!”

లెక్కల టీచరు గుండె గుభేలుమంది. పుట్టింట్లో అడుగుపెట్టి చెప్పులైనా విడవకుండా ముందు అమ్మ మందుల డబ్బానే ఎత్తి చూసింది.

“అయిపోతే ఎందుకుంటాయే?” అన్నాడు తండ్రి, పేపర్లోంచి తలెత్తకుండా.

“ఇవాళ తొమ్మిదో రోజే కదా!”

అవి రెండు నెలలుగా అమ్మ రోజుకు పది చొప్పున మింగిన మాత్రలు. రోజుకొకటి తగ్గిస్తూ ఒకటికి వచ్చాకే మానాలనీ, పది మీద ఉన్నట్టుండి ఆపితే ప్రాణానికే ముప్పనీ ఆస్పత్రి నుంచి పంపేటప్పుడు డాక్టరు మరీ మరీ చెప్పాడు. విన్నది తనొక్కతే. తండ్రి అప్పుడు ఆటో కోసం వెళ్లాడు. బస్సు టైమైపోతుంటే లెక్క డబ్బా మీద గబగబా రాసి, ఆయన చేతిలో పెట్టి పరుగెత్తింది.

“ఎక్కువ వేసేశావా? ఎక్కడైనా పారబోశావా? నిజం చెప్పు నాన్నా!”

“నీ మీదొట్టు, నువ్వు రాసింది చూసే ఇచ్చా. ఇంటికొచ్చిన రోజే మొదలెట్టాంగా, ఈ పొద్దుటితో పది రోజులూ సరి. ఒక్కటి అటూ ఇటూ కాలేదు.”

ఆమె డబ్బా తిప్పింది. ‘1 + 2 + 3 + ... + 10 = 55’. తన చేతిరాతే. ఏళ్ల తరబడి బోర్డు మీద రాసీ రాసీ అరిగిపోయిన లెక్క. మొదటిదీ చివరిదీ కలిపితే పదకొండు, అలాంటి జతలు అయిదు.

“యాభై అయిదు! అటు నుంచి కూడినా ఇటు నుంచి కూడినా అంతే!” అని ఊపిరి పీల్చుకుని నవ్వేసింది.

“హడలగొట్టి చంపావు కదే,” అని గొణుక్కుంటూ తండ్రి మళ్లీ పేపర్లో దూరాడు.

ఆమె వంటింట్లోకి వెళ్లి అమ్మను వెనక నుంచి వాటేసుకుంది. మొహంలో కళ వచ్చిందని మురిసిపోయింది కూడా.

“మందుల పీడ వదిలిందమ్మా. రేపట్నుంచి ఒక్కటి కూడా వేసుకోనక్కర్లేదు.”

“బతికించావు తల్లీ,” అంది అమ్మ, పొయ్యి మీది గిన్నె దించుతూ. “ఈ పొద్దున పదీ మింగేసరికి గొంతు పట్టేసింది.”