కరగకముందే రాండ్రి

గేటు దగ్గర ఆ ముసలామె ఆ రోజు కూడా నిలబడి ఉంది.

మోత్కూర్ ఊరి చివర తెల్లమబ్బు కుల్ఫీ ఫ్యాక్టరీ. పొద్దున్నే పదకొండు ఆటోలు కుల్ఫీలు నింపుకుని ఊళ్లకు బయలుదేరుతాయి. గేటు దాటగానే డ్రైవర్లు మైకులో రికార్డు ఆన్ చేస్తారు.

"తెల్లమబ్బు కుల్ఫీ... కరగకముందే రాండ్రి, పిల్లలూ."

ఇరవై ఏళ్లుగా అదే గొంతు, అదే మాట. అది వినబడితే చాలు, అన్నం ముందు కూర్చున్న పిల్లలు కూడా లేచి వీధిలోకి వచ్చేవారు.

త్రివేణి అక్కడ ప్రకటనల పనిలో చేరి నాలుగు నెలలైంది.

"ఎవరామె?" అని వాచ్‌మన్‌ను అడిగింది.

"తెల్వదు మేడం, నేనూ కొత్తగనే చేరిన. ఆమెకు మాట రాదు. బండ్లన్ని పోయేదాంక నిలవడి పోతది."

కుల్ఫీ కోసమేమో అనుకుని త్రివేణి ఒకటి పంపింది. ముసలామె మెడ చుట్టూ ఉన్న తువ్వాలు సర్దుకుని, వద్దన్నట్టు చెయ్యి ఊపింది.

"డీలర్లు వచ్చే టైము. గేటు కాడ నిలవడనియ్యకు," అని వాచ్‌మన్‌కు చెప్పింది త్రివేణి.

మర్నాటి నుంచి ఆమె రోడ్డుకు అవతల నిలబడింది.

ఫ్యాక్టరీ పెట్టిన కాటమయ్య పోయి రెండేళ్లు. కొడుకు నవీన్‌కు ఆ పాత గొంతు నచ్చలేదు.

"మరీ ఊరోళ్ల లెక్కుంది. పట్నంల మంచిగ చెప్పించు," అన్నాడు.

త్రివేణి హైదరాబాదు స్టూడియోలో ఒక అమ్మాయి చేత చెప్పించింది. వెనక సంగీతం పెట్టించింది. అన్ని బండ్లలో పాతది చెరిపేసి కొత్తది ఎక్కించింది.

ఆ పొద్దున మొదటి ఆటో కొత్త గొంతుతో బయటికి వెళ్లింది. రోడ్డవతల ముసలామె తల ఎత్తింది. రెండోది వెళ్లింది. మూడోది వెళ్లింది. పదకొండోదీ వెళ్లాక, ఇంకొకటి వస్తుందేమోనని గేటు వైపు కాసేపు చూసి వెళ్లిపోయింది.

మళ్లీ రాలేదు.

నెల తిరగకముందే డ్రైవర్ గుర్వయ్య ఆఫీసులోకి వచ్చాడు.

"పిల్లలు బయటికొస్తలేరు మేడం. మన బండి అనుకుంటలేరు. గా పాత గొంతే పెట్టుండ్రి."

పాతది ఎక్కడా లేదు. కాటమయ్య బీరువాలో దొరికిన క్యాసెట్టు బూజు పట్టి, టేపు తెగి ఉంది.

"గా గొంతు ఎవరిదో గామెనే దేవులాడి మళ్ల చెప్పిద్దాం," అన్నాడు నవీన్. "ఇరవై ఏండ్ల పండుగ చేస్తున్నం గద. స్టేజి మీద శాలువ కప్పుదాం."

"ఎవరు సార్ ఆమె?"

"నాకూ తెల్వదు. అప్పుడు నేను హాస్టల్ల ఉన్న."

క్యాసెట్టు మీద తిరుమలగిరి దుకాణం పేరుంది. త్రివేణి వెతుక్కుంటూ వెళ్లేసరికి ఆ దుకాణంలో సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు. యజమాని డానియల్ క్యాసెట్టును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నేనే రికార్డు చేసిన. సైదమ్మ గొంతు. మీ కాటమయ్య దగ్గర పాలు కాగబెట్టేది. మొదలు ఇంకొకామెతోటి చెప్పించినం. 'గట్ల పిలిస్తే పిల్లలొస్తరా' అని సైదమ్మ నవ్వింది. 'అయితే నువ్వే పిలువు' అన్నడు కాటమయ్య. ఒక్కసారే పిలిచింది. గంతే."

త్రివేణి ఫోన్‌లో పేరు రాసుకుంది.

"ఎక్కడుంటరు? రేపు కారు పంపిస్త."

డానియల్ క్యాసెట్టును బల్ల మీద పెట్టాడు.

"మా చర్చి ఆమెనే. పోయిన శుక్రారం మట్టి చేసినం."

త్రివేణి రాసుకున్న పేరు వైపు చూసింది. చేయాల్సిన పని ఇంకొకటి మిగిలి ఉందని గుర్తొచ్చింది.

"ఫొటో అన్నా ఉందా? పండుగ పుస్తకంల ఏస్తం," అంది.

"ఫొటో లేదు గని, మీరు చూసే ఉంటరమ్మా," అన్నాడు డానియల్. "గొంతుల పుండయి ఆపరేషన్ చేస్తే మాట పోయింది, గప్పటి సంది రోజు పొద్దుగాల బస్సెక్కి మీ గేటు కాడికి వచ్చి, బండ్లల్ల తన గొంతు ఇని పోతుండె."