కొండ మీది ఆఖరి మాట

“మేడమ్, కొట్టెయ్యండి తాత వచ్చాడు,” అన్నాడు అటెండరు తలుపులోంచి నవ్వుతూ.

శాసనసభ కార్యాలయంలో ఆయనకి ఆ పేరు స్థిరపడిపోయింది. కొండ యుద్ధం సంస్మరణ తీర్మానం సభకి వెళ్ళే ముందు ఏటా వస్తాడు. అందులో ఒక వాక్యం కొట్టెయ్యమంటాడు. ఎవరూ కొట్టెయ్యరు. వెళ్ళిపోతాడు.

ఆ తీర్మానం రాయడం పెద్ద పనేం కాదు. పోయినేటి కాగితం తీసి తేదీ మార్చడమే. మురుగు కాలవల బిల్లుకీ పశువుల దాణా బిల్లుకీ మధ్య స్పీకరు దాన్ని చదువుతారు. సభ్యులు బల్లలు చరుస్తారు. కునుకు తీస్తున్న సభ్యుడి చెయ్యి కూడా సమయానికి బల్ల మీద పడుతుంది. ఏకగ్రీవంగా ఆమోదం.

తీర్మానాలు రాసే ఆ సీట్లోకి ఆమె కొత్తగా వచ్చింది.

“రమ్మను,” అంది.

పెద్దాయన వచ్చి నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో తడి గొడుగు.

“‘వెనక్కి ఒక్క అడుగు కూడా పడటానికి వీల్లేదు’ అని ఉంటుందమ్మా అందులో. అదే ఆ వీరుల ఆఖరి మాట అని రాశారు. ఆ వాక్యం కొట్టెయ్యండమ్మా.”

“ఎందుకు?”

“వాళ్ళు ఆ మాట అనలేదు.”

“మీరు విన్నారా?”

ఆయన తల వంచుకుని గొడుగుని కుర్చీకి ఆనించాడు.

ఆమెకి ఒళ్ళు మండింది.

“కొండ మీద పోయినవాళ్ళలో మా నాన్న ఉన్నాడు. నేనప్పుడు అమ్మ కడుపులో ఉన్నాను. ఆయన గొంతెలా ఉంటుందో నాకు తెలీదు. మాకు మిగిలింది ఆ మాటొక్కటే. ఇప్పుడు మీరొచ్చి తీసేయమంటే తీసేయాలా?”

పెద్దాయన కుర్చీ వీపు పట్టుకున్నాడు.

“నాన్నగారు అక్కడ ఏం చేసేవారమ్మా?”

“రేడియో సెట్టు ఆయన దగ్గరే ఉండేదట. అయితే?”

ఆయన తలెత్తి ఆమె మొహంలోకి చూశాడు.

“అమ్మ ఉన్నారా?”

“ఉంది. రేపు టీవీ ముందు కూర్చుంటుంది. స్పీకరు ఆ మాట చదివేదాకా ముద్ద ముట్టదు.”

“అయితే ఉంచెయ్యండమ్మా. నేనే పొరబడ్డాను.”

“ఇన్నేళ్ళూనా?”

“వయసైపోయింది కదమ్మా. మతి నిలకడగా ఉండదు.”

గొడుగు మర్చిపోయి వెళ్ళబోయాడు. అటెండరు పిలిచి చేతికిచ్చాడు.

“ఏం మంత్రం వేశారు మేడమ్!”

ఆమె నవ్వింది. నాన్న మాటని కాపాడుకున్నానని ఆ రోజంతా లోలోపల మురిసిపోయింది.

తర్వాతి ఏడు పెద్దాయన రాలేదు. ఎగతాళి చేసిన అటెండరే రెండుసార్లు వరండాలోకి తొంగిచూశాడు.

తీర్మానం చదివే రోజున, ఆ యుద్ధంలో పనిచేసి రిటైరైన అధికారి ఒకాయన సభకి అతిథిగా వచ్చాడు. పిలుపు వచ్చేదాకా ఆమె గదిలోనే కూర్చోబెట్టారు. ఆమె ఉండబట్టలేక పెద్దాయన గురించి అడిగింది.

“చలికాలంలో పోయాడమ్మా. మా రేడియో మనిషి. కొండ కింద శిబిరంలో ఉండేవాడు. కొండ మీదున్నవాళ్ళ మాట విన్నది ఆయనొక్కడే.”

ఆమె కుర్చీ ఆయన వైపు జరుపుకుంది.

“పైన సెట్టు దగ్గరున్నది మా నాన్న. ఏమన్నాడు?”



“తూటాలైపోయాయి, దిగి వచ్చేయమంటారా అని అడిగాడమ్మా. అడుగుతూనే ఉన్నాడు.”

“మరి ఆ ఆఖరి మాట?”

“అది వాళ్ళది కాదు. కిందనుంచి మేం పంపిన ఆజ్ఞ. పై అధికారి చెప్పమన్నాడు, మీ దగ్గరికొచ్చిన పెద్దాయనే రేడియోలో చెప్పాడు. తర్వాతెవరో దాన్ని తెచ్చి పోయినవాళ్ళ నోట్లో పెట్టారు. మీ సభలో బల్లలు చరిచినప్పుడల్లా ఇతను చచ్చి బతికేవాడు. అది కొట్టేయిస్తే గానీ కంటి మీద కునుకు రాదనేవాడు. పోయినేడు మాత్రం, ఇక అడగనన్నాడు. ఎందుకని అడిగితే చెప్పలేదు.”

వరండాలోని మైకులో స్పీకరు గొంతు వినిపించింది. వెనక్కి ఒక్క అడుగు కూడా పడటానికి వీల్లేదు. వెంటనే బల్లల చప్పుడు.

ఇంట్లో అమ్మ టీవీ ముందు కళ్ళొత్తుకుంటూ ఉంటుందని ఆమెకి తెలుసు. ఆ చప్పుడు ఎప్పుడు ఆగుతుందా అనిపించింది.

“ఆజ్ఞ విన్నాక నాన్న ఇంకేమీ అనలేదా?”

“‘సరే’ అన్నాడమ్మా, అంతే. ఇతను మాత్రం, మేం చేతుల్లోంచి సెట్టు లాక్కునేదాకా, జవాబు రాని ఆ కొండకి చెబుతూనే ఉన్నాడు, ‘నా మాట వినకు తమ్ముడూ, దిగొచ్చెయ్’ అని.”