కప్పుల బల్లకు తలుపు

"మళ్లీ చెప్పు. సరిగ్గా కూర్చుని చెప్పు" అన్నాడు కిరీటి.

ఎదురుగా కుర్చీలో ఉన్న మనిషి నడుం నిటారుగా పెట్టాడు. టై ముడి వంకరగా ఉంది. గడియారం కుడిచేతికి. పోజులకేం తక్కువ లేదనుకున్నాడు కిరీటి.

తెల్లారితే సివిల్స్ ఇంటర్వ్యూ. ఆ మనిషికి అదే ఆఖరి అవకాశం. ఢిల్లీ ఓల్డ్ రాజిందర్ నగర్ అద్దె గదుల్లో ఇలాంటివాళ్లను కిరీటి ఏళ్ల తరబడి చూస్తున్నాడు. ఎవడు గట్టెక్కుతాడో, ఎవడు ఊరికి రైలెక్కుతాడో మొహం చూసి చెప్పేయగలడు.

"హాబీ ఏమని రాశావు? ఇంగ్లీషు మాటల పుట్టుక. అబ్బో. క్రికెట్ అని రాసి ఏడిస్తే సరిపోయేది కదా. సరే, కళ్లెదుట ఉన్న చెక్క సామానే అడుగుతాను. కప్‌బోర్డ్. ఆ మాట ఎలా పుట్టింది?"

"కప్ అంటే కప్పే సార్. బోర్డ్ అంటే అప్పట్లో బల్ల. గొప్పింటివాళ్లు వెండి కప్పులు నలుగురికీ కనబడేలా పెట్టుకునే బల్ల."

"మరి ఈ తలుపుల సంగతి?"

"తలుపులు తర్వాత వచ్చాయి సార్. అప్పటికి పేరు..."

అక్కడ ఆగిపోయాడు. నిన్నా అక్కడే ఆగాడు.

"పేరు ఏమైంది? మింగేశావా?" కిరీటికి ఒళ్లు మండింది. "నాలుగు ముక్కలు బట్టీ పట్టి కలెక్టరైపోదామనా? ఎస్టీడీ బూత్‌లోంచి ఇంటికి ఫోన్ చేస్తే మాత్రం, ఈసారి ఖాయం నాన్నా అంటావు. సిగ్గు లేదూ?"

ఆ మనిషి మొహం ఎర్రబడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అదొక్కటే తక్కువ. రేపు ఇంటర్వ్యూ బోర్డు ముందు కూడా ఇలాగే ఏడుస్తాడు కాబోలు. ఇలాంటివాడి చేతికి జిల్లా ఇస్తే ఆ జిల్లా గతేం కాను.

"ఏడవకు, చూడలేక చస్తున్నాను. బల్ల పోయి బీరువా వచ్చింది, పేరు మాత్రం పాతదే ఉండిపోయింది. ఇంత చెప్పడానికి నోరు రాదూ?"

"వస్తుంది సార్."

"వచ్చింది నీ మొహం. నువ్వు దేనికీ పనికిరావు."

అంతలో సుహాస్ లోపలికి వచ్చాడు. ఆ గదిలో కిరీటితో కలిసి అద్దెకుంటున్న వరంగల్ అతను. స్నానం చేసి, తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు.

"గంతసేపట్నుంచి ఎవర్ని తిడుతున్నవ్ అన్నా? కిందికి ఇనొస్తుంది. జర జరుగు, అంగీ తీసుకోవాలె."

కిరీటి కుర్చీ వెనక్కి జరిపాడు.

సుహాస్ కప్‌బోర్డ్ తలుపు లాగేసరికి, దానికున్న నిలువుటద్దంతో పాటు ఆ అభ్యర్థి కూడా, వంకర టైతో, తడి కళ్లతో, గోడవైపు తిరిగిపోయాడు.